44 రోజులకు స్కానింగ్‌లో బేబీ కనపడలేదు, ఏం చేయాల?

ప్రశ్న (ఎమ్మిగనూరు)
అక్కలకు నమస్తే. పెండ్లయిన నాలుగేండ్లకు నెల తప్పింది. పోయిన నెలసరి మొదటి రోజు నుంచి 44 రోజులు. కిట్‌లో రెండు గీతలు పడినాయి. మొన్న కర్నూలుకు పోయి స్కానింగ్ తీపించుకున్నాం, పొట్ట మీదనే తీసినారు. సాక్ (బేబీ పెరిగే నీటి తిత్తి) 7 మి.మీ. ఉంది, లోపల బేబీ లేదు, రెండు వారాలాగి రమ్మన్నారు. మా అత్తమ్మేమో "ఆరు వారాలు దాటితే గుండె కొట్టుకోవాల, ఇది నిలబడేది కాదు, మెడికల్ షాపులో మాత్రలు తెస్తా" అంటాంది. రాత్రిళ్లు నిద్ర లేదు. నాకు నెల ఎప్పుడూ 35 రోజులకు వస్తాది.

జవాబు (కర్నూలు, స్కానింగ్ గదిలో పనిచేసిన నర్సు)
ఆ మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు తల్లీ. నువ్వు చివర్లో రాసిన మాటలోనే అంతా ఉంది. వారాల లెక్క 28 రోజులకు నెల వచ్చేవాళ్లకు సరిపోయేది. నీకు అండం విడుదలయ్యేదే వారం ఆలస్యం. 44లో 7 తీసెయ్, 37 రోజులు. అంటే ఐదు వారాల రెండు రోజులు. ఇప్పుడు రిపోర్టు చూడు. సాక్ మి.మీ. కొలతకు 30 కలిపితే గర్భం ఎన్ని రోజులదో ఉజ్జాయింపుగా తెలుస్తాది. 7కు 30 కలిపితే మళ్లా 37నే. రెండు లెక్కలూ ఒకచోటికే వచ్చినాయి. ఇంత చిన్న సాక్‌లో పొట్ట మీది స్కానింగ్‌కు బేబీ కనపడకపోవడం వింత కాదు.

లోపలి నుంచి తీసే టీవీఎస్‌లో ఐదో వారానికి నల్లని చుక్క మాదిరి సాక్ తెలుస్తాది. ఐదున్నరకు దాంట్లో తెల్లని సన్న ఉంగరం, అదే యోక్ సాక్. ఆరు వారాలకు ఆ ఉంగరం పక్కనే బియ్యపుగింజలో సగమంత పిండం, దాంట్లో మినుకుమినుకుమంటూ గుండె. పొట్ట మీద తీస్తే ఇవన్నీ ఇంకో వారం దాకా ఆలస్యం.

టీవీఎస్‌లో పిండం 7 మి.మీ. ఉండి గుండె కదలిక లేకున్నా, సాక్ 25 మి.మీ. అయినా పిండమే లేకున్నా అప్పుడు నిలవలేదంటారు. నీ రిపోర్టులో 7 సాక్‌ది, పిండానిది కాదు. ఈ రెండు ఏడులనూ కలిపేసుకుని భయపడతారు చానామంది.

ఇంకొకరు (ఆదోని)
నాకూ ఇట్లనే రమ్మన్నారు చెల్లీ. రెండో స్కానింగ్‌లో కూడా రాలేదు, పోయింది. తప్పకుండా వస్తాదని ఎవరూ మాటివ్వలేరు. కానీ ఆ రెండు వారాలు ఆగినందుకు నాకు మనసులో అనుమానం మిగల్లేదు.

నర్సు
నిజమే అక్కా. మొదట్లో పోయేవాటిలో సగం దాకా క్రోమోజోముల తేడా వల్లే. బరువెత్తిందనో, బస్సెక్కిందనో ఆడమనిషిని అనడం నాకు కండ్లారా చూసిన బాధ.

ఎమ్మిగనూరు చెల్లెలికి ఇంకో మాట. యోక్ సాక్ కనపడేదాకా గర్భం గర్భసంచిలోనే ఉందని నూటికి నూరు చెప్పలేరు. గర్భసంచికి పక్కనుండే ట్యూబులో గర్భం ఉంటే షాపు మాత్రలతో అది పోదు. రక్తం పడేసరికి అయిపోయిందనుకుంటారు, లోపల ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తాది. పొత్తికడుపులో ఒకపక్క గట్టిగా నొప్పి, భుజం కొసన నొప్పి, కండ్లు తిరిగి పడిపోవడం, రక్తం ఎక్కువ పోవడం, వీటిలో ఏదొచ్చినా రెండు వారాలాగొద్దు. రాత్రయినా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోండి.

ప్రశ్న (నంద్యాల)
రక్తపరీక్షతో తేలదా అక్కా?

నర్సు
రక్తంలో గర్భం హార్మోను కొలిచే బీటా హెచ్‌సీజీ పరీక్ష ఒక్కసారి చేపిస్తే ఆ అంకెతో పెద్దగా తెలియదు. 48 గంటల తేడాతో రెండుసార్లు చేపిస్తే పెరుగుతుందా, పడిపోతుందా అని డాక్టరుకు అందుతాది. పెరుగుదల బాగున్నా మళ్లీ స్కానింగ్ తప్పదు.

ప్రశ్న (ఎమ్మిగనూరు)
అత్తమ్మకు చదివి వినిపించినా. ఆగుదాంలే అనింది. లోపలి స్కానింగ్ అంటే బేబీకి ఏమన్నా అవుతాదా?

నర్సు
ఏమీ కాదు తల్లీ. అవి శబ్ద తరంగాలు, ఎక్స్‌రే కాదు. పొట్ట మీది స్కానింగ్‌కు నీళ్లు తాగి ఆపుకోమంటారు గానీ, దీనికి మూత్రానికి పోయిరావాల. ఆడ డాక్టరు కావాలంటే ముందే అడుగు. పాత రిపోర్టు తీసుకుపో, నెల 35 రోజులకు వస్తాదని నువ్వే చెప్పు, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.