సిట్టెం, చిట్టెం, కొలిమి: పద్మనాభం దగ్గర విన్న మాట

ప్రశ్న (విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మగారి ఊరు పద్మనాభం దగ్గర. ఊరి చివర, చెరువుగట్టు కింద తుమ్మచెట్ల మధ్య ఒక మెరక ఉంది. దాన్ని కొలిమిదిబ్బ అంటారు. ఇప్పుడక్కడ కొలిమీ లేదు, ఊళ్ళో కమ్మరివాళ్ళూ లేరు. 1794లో జరిగిన పద్మనాభం యుద్ధానికి విజయనగరం రాజుగారి సైన్యానికి కత్తులు, బల్లేలు ఇక్కడే చేశారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ చోటు చరిత్ర ఎవరూ రాయలేదు కాబట్టి నేను మొదలుపెట్టాను. మొన్న వెళ్తే మేకలు కాస్తున్న మామ్మగారు "అటు ఎల్లకు బాబూ, సిట్టెపు రాళ్లు, కాలు కోసేత్తాయి" అన్నారు. సిట్టెం అంటే ఏమిటి? కొలిమి అన్నారు కాబట్టి అక్కడ రాతి నుంచి ఇనుము తీసేవారని అనుకోవచ్చా?

జవాబు (చోడవరం):

బాబూ, మీకు కావలసిన ఆధారం మామ్మగారి మాటలోనే ఉంది. సిట్టెం అంటే చిట్టెం. మన వైపు చెరువు సెరువు అయినట్టే ఇదీను. ఇనుము కాచేటప్పుడు విడిపోయే మడ్డి చిట్టెం. సంస్కృతంలో కిట్టం అంటారు, కన్నడంలోనూ కిట్టమే. కన్నడ కివి మనకు చెవి అయింది కదా, కిట్టం చిట్టెం కావడం కూడా ఆ దారిలోనే జరిగిందని నా నమ్మకం. ఆయుర్వేదంలో దీన్నే మండూరం అంటారు. నూరేళ్ళు దాటిన చిట్టెం ఉత్తమం, ఎనభై ఏళ్ళది మధ్యమం, అరవై ఏళ్ళది అధమం అని వైద్యశాస్త్రం లెక్క. మందు కోసం పాత దిబ్బల్లో ఏరుకుపోయేవాళ్ళు ఉండేవారు కాబట్టి, చిట్టెం తక్కువగా కనిపించినంత మాత్రాన పని తక్కువ జరిగిందని తేల్చేయకండి.

ఇక కొలిమి. ఈ ఒక్క మాటనే పట్టుకుంటే దారి తప్పుతారు. రాయి కరిగించే బట్టీని కొలిమి అన్నారు, నాగలి కర్రు కాల్చే గుంటనూ కొలిమే అన్నారు. ఊరిపేరులోనో పొలం పేరులోనో కొలిమి ఉన్నంత మాత్రాన అక్కడ ఇనుము తీశారని రాయకూడదు. రెండు పనులకీ తేడా చెప్పేది చిట్టెమే.

రాతి నుంచి ఇనుము తీసే పాతకాలపు మట్టి బట్టీలో ఇనుము కరగదు. దానికి 1538 డిగ్రీలు కావాలి, బొగ్గు, తిత్తులతో అంత వేడి అందదు. కరిగేది మడ్డి. అది బట్టీ అడుగున కంత లోంచి బయటికి కారి, ముదురు పాకం పళ్ళెంలో పోసినట్టు మడతలు మడతలుగా గట్టిపడుతుంది. నల్లగా, బరువుగా ఉంటుంది, విరిగితే అంచు గాజుపెంకులా కోస్తుంది. ఇనుము మాత్రం బుడగలు బుడగలుగా ముద్దగా లోపలే మిగిలిపోతే, దాన్ని తీసి సమ్మెటలతో మోది మడ్డి వదలగొట్టేవారు.

కమ్మరి కొలిమిలో కారేదేమీ ఉండదు. గుంట అడుగున చేరి గట్టిపడినది అడుగు గుండ్రంగా, పైన చదునుగా, అరచేతిలో ఇమిడే బిళ్ళగా దొరుకుతుంది. దాగలి, అంటే కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ, ఉన్న చోట మట్టిలో మరో ఆనవాలు ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనుముపై సమ్మెట పడ్డప్పుడల్లా సన్నని పెచ్చులు రాలతాయి. గుప్పెడు మట్టి కాగితం మీద పోసి కింద నుంచి అయస్కాంతం జరపండి. నల్లటి పెచ్చులు దాని వెంట లేచి కదిలితే అక్కడ దాగలి ఉన్నట్టే. దయచేసి తవ్వకండి. ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని రండి.

గాజువాక నుంచి:

స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. ఒక జాగ్రత్త చెప్పాలి. మా గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసుల నుంచి వచ్చేదీ చిట్టెమే, మేం స్లాగ్ అంటాం. నీళ్ళు కొట్టి ఇసకలా చేసినది సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది, గట్టిపడిన ముక్కలు రోడ్ల కింద పోస్తారు. మీ దిబ్బ పక్క నుంచి ఈమధ్య వేసిన రోడ్డు ఉంటే, దొరికిన ప్రతి ముక్కా పాతదనుకోకండి. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌లో ఇనుము దాదాపు ఉండదు, బూడిద రంగులో తేలిగ్గా ఉంటుంది. పాత బట్టీ చిట్టెంలో సగం దాకా ఇనుమే వృథాగా పోయేది, అందుకే చేతికి బరువు తెలుస్తుంది.

అనకాపల్లి నుంచి:

మా తాతయ్య కమ్మరి. మా ఇంట్లో అనేవి రాస్తున్నాను, మీ రాతలో ఈ మాటలు ఉండాలి తమ్ముడూ: తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు, కర్రు సాగగొట్టడం, కొడవలికి కక్కు (అంచున రంపపు పళ్ళు) కొట్టడం. కూలి డబ్బుల్లో కాదు, పంట నూర్చాక కళ్ళంలోనే మేర, అంటే కమ్మరి వంతు ధాన్యం, కొలిచేవారు. రైతు ఇంటి ఆడవాళ్ళు బొగ్గులు తెచ్చి పోస్తే తాతయ్య పని మొదలయ్యేది. కమ్మరివాళ్ళు వెళ్ళిపోయారని ఒక్క ముక్కలో రాసేయకండి. ట్రాక్టర్లొచ్చి కర్రు పని పోయింది, షాపుల్లో కొడవళ్ళొచ్చి కక్కు పని పోయింది. మేర ఆగాక ఊళ్ళో ఉండి ఏం తింటారు? విశాఖలో వెల్డింగ్ షాపుల్లో చేరినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళని వెతికి అడగండి, దిబ్బ మీద ఎవరి కొలిమి ఎక్కడ ఉండేదో వాళ్ళు చెబుతారు.

చోడవరం, మళ్ళీ:

అమ్మా, మేర సంగతి బాగా గుర్తుచేశారు. కాగితాలూ అక్కడే మొదలుపెట్టాలి. అవి జమీందారీ ఊళ్ళు కాబట్టి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంట్‌లో రాసిన అడంగల్ (ఊరి భూముల లెక్క) చూడండి. కమ్మరి మాన్యం (పనికి బదులుగా కమ్మరికిచ్చిన భూమి) అని ఏ సర్వే నంబరు పక్కనైనా ఉంటే, అది దిబ్బకి ఎంత దూరమో చూడాలి. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు కూడా చదవండి.

యుద్ధం కత్తుల మాట విడిగా రాయండి. కర్రు కొట్టినా కత్తి కొట్టినా రాలేది ఒకటే పెచ్చు. బొగ్గుకి కార్బన్ పరీక్ష చేయించినా గడచిన మూడు వందల ఏళ్ళ లోపు కాలాన్ని అది సరిగా తేల్చలేదు. ఊరు చెప్పుకునే మాటగా, ఎవరు చెప్పారో, వాళ్ళకి ఎవరు చెప్పారో రాసిపెడితే దానికీ విలువ ఉంటుంది.

ప్రశ్న వేసినవారు:

మాస్టారూ, అక్కా, అందరికీ కృతజ్ఞతలు. నిన్న అయస్కాంతం పట్టుకుని వెళ్ళాను. పెచ్చులు దండిగా లేచాయి. గుండ్రటి అడుగున్న బిళ్ళలు ఐదారు కనిపించాయి, బరువుగానే ఉన్నాయి. మడతలు పడి కారిన ముక్క ఒక్కటీ లేదు. కాబట్టి అది కమ్మరి కొలిమి అనే రాస్తాను. దిబ్బ పైకొస చూడడం మిగిలింది, అక్కడ ముళ్ళకంప దట్టంగా ఉంది. ఈలోగా శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు వాళ్ళు మీ ఊళ్ళో ఈ మాటను సిట్టెం అంటారో, చిట్టెం అంటారో, ఇంకేదైనా అంటారో ఊరిపేరుతో సహా ఇక్కడ రాయండి.