ఆన్‌లైన్ వేధింపులు ఎదురైనప్పుడు ఖాతా మూసేయడం తప్ప దారి లేదా?

తీగ:
పర్యావరణ అంశాల మీద నేను తరచూ రాస్తుంటాను. కొంతకాలంగా ముక్కూ మొహం తెలియని ఖాతాల నుంచి అసభ్య సందేశాలు వస్తున్నాయి. ఒకదాన్ని బ్లాక్ చేస్తే మరొకటి పుట్టుకొస్తోంది. సలహా అడిగినవారందరూ ఖాతా మూసేయమనే అంటున్నారు. బయట ఉన్న హక్కులే ఆన్‌లైన్‌లోనూ ఉంటాయని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2012లోనే తీర్మానించింది కదా, మరి తప్పు చేసినవాడు ఉండగా నేనెందుకు వెళ్లిపోవాలి? వెళ్లిపోకుండా నిలబడినవారు ఏం చేశారో చెప్పగలరా?

పాత పాఠకురాలు:
తీగ గారూ, బ్లాక్ చేయడానికీ, రిపోర్ట్ చేయడానికీ ముందు ఆధారాలు భద్రపరచండి. రిపోర్ట్ ఫలించి ఆ పోస్టును తొలగిస్తే అది మీకూ కనిపించకుండా పోతుంది. సందేశం ఒక్కటే స్క్రీన్‌షాట్ తీస్తే చాలదు. పంపినవారి ప్రొఫైల్ లింకు, తేదీ, సమయం కూడా ఉండాలి, ఎందుకంటే పైకి కనిపించే పేరును వాళ్లు ఎప్పుడైనా మార్చుకోగలరు. ఇవన్నీ మీరే కూర్చుని చదవాల్సిన అవసరం లేదు. నేను ఆ పనిని నా చెల్లెలికి అప్పగించాను, ఆ మాటలు నా కంటపడకుండానే ఫిర్యాదుకు కావలసిన పత్రం తయారైంది.

కీబోర్డు:
రిపోర్ట్ చేసి ఆగడానికి ఒక్క మినహాయింపు ఉంది. చంపుతామన్న బెదిరింపు వచ్చినా, మీ ఇంటి చిరునామా బయటపెట్టినా ఆ సోషల్ మీడియా సంస్థ జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే పోలీసుల దగ్గరకు వెళ్లండి.

ఏకవచనం:
ఇక్కడ అందరూ అపరిచితుల గురించే మాట్లాడుతున్నారు, కానీ నన్ను వేధించింది నాతో కలిసి బతికిన మనిషి. పాస్‌వర్డ్ మార్చిన తరువాత కూడా నేను ఎక్కడికి వెళ్తున్నానో, ఎవరితో మాట్లాడుతున్నానో అతనికి తెలుస్తూనే ఉండేది. నా ఖాతాకు రికవరీ ఈమెయిల్‌గా, అంటే పాస్‌వర్డ్ పోతే ఖాతాను తిరిగి తెరిపించే ఈమెయిల్‌గా, అతనిదే ఉంది, నా సందేశాల యాప్ అతని కంప్యూటర్‌కు అనుసంధానమై ఉంది, ఎప్పుడో ఉమ్మడిగా తెరిచిన ఫోటోల ఖాతా అలాగే నడుస్తోంది. లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా, లొకేషన్ షేరింగ్, రికవరీ నంబరు, ఈ మూడూ చూడకుండా పాస్‌వర్డ్ ఒక్కటే మార్చడం తాళం మార్చి కిటికీ తెరిచి ఉంచడమే. అయితే మీరు ఇంకా ఆ మనిషి ఇంట్లోనే ఉంటే, లేదా అతను చేయి చేసుకునేవాడైతే, అన్నీ ఒకేసారి తెంచకండి. అతనికి వెంటనే అనుమానం వస్తుంది, ప్రమాదం పెరుగుతుంది. అతని చేతికి అందని ఫోన్ నుంచి ముందుగా మహిళా సహాయ కేంద్రంతో మాట్లాడి, ఏది ఎప్పుడు మార్చాలో వాళ్లతో కలిసి నిర్ణయించుకోండి.

మాటకు మాట:
అసలు పేరు లేని ఖాతాలను నిషేధిస్తే సగం పీడ వదులుతుంది.

పాత పాఠకురాలు:
వదలదండీ. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో గుర్తింపు ధ్రువీకరణను తప్పనిసరి చేసింది; దాన్ని 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. పైగా, ఏకవచనం గారు చెప్పినట్టు, వేధించేవాడి పేరు తెలిసిన సందర్భాలు కూడా ఉంటాయి. హింస నుంచి తప్పించుకున్న స్త్రీ మారుపేరుతో బతకగలగడం ఆమెకు రక్షణ, దాన్ని మనమే తీసేద్దామా?

తీగ:
నిన్న నా ఫోటోను మార్ఫింగ్ చేసి నగ్నచిత్రంలా పంపారు. బయట పెడతామని బెదిరిస్తున్నారు.

కీబోర్డు:
డబ్బు అడిగినా, మరో ఫోటో అడిగినా ఇవ్వకండి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. 2021లో మొదలైన స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది, 18 ఏళ్లు నిండినవారు దాన్ని వాడుకోవచ్చు, కృత్రిమంగా తయారైన చిత్రాలకూ పనిచేస్తుంది. మీ ఫోటో మీ ఫోన్ దాటి బయటకు వెళ్లదు. దాని నుంచి హ్యాష్ అనే సంకేతాన్ని ఫోన్‌లోనే తయారుచేసి, ఆ సంకేతాన్ని మాత్రమే ఈ సేవలో చేరిన సోషల్ మీడియా, వెబ్‌సైట్ సంస్థలకు పంపుతారు. అదే చిత్రాన్ని ఎవరైనా అక్కడ పెట్టబోతే గుర్తించి ఆపగలుగుతారు. చేరని వెబ్‌సైట్ల మీద దీనికి పట్టు లేదు, చిత్రాన్ని బాగా మార్చేస్తే సంకేతం సరిపోలకపోవచ్చు. వయసు 18 లోపు ఉన్నప్పుడు తీసిన చిత్రమైతే టేక్ ఇట్ డౌన్ అనే సేవ వేరుగా ఉంది. మార్ఫింగ్ కదా అని ఫిర్యాదు చేయడానికి వెనకాడకండి: యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఆదేశం ఇలాంటి కల్పిత చిత్రాలను అనుమతి లేకుండా పంచడాన్ని కూడా నేరంగా చూడమంటోంది.

ఏకవచనం:
రిపోర్ట్ చేసేటప్పుడు సరైన విభాగాన్ని ఎంచుకోండి. "ఇది నాకు నచ్చలేదు" అన్నది నొక్కితే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అనుమతి లేని నగ్నచిత్రం, బెదిరింపు, మారువేషపు ఖాతా వంటి విభాగాలు విడిగా ఉంటాయి.

పాత పాఠకురాలు:
మరో జాగ్రత్త కూడా తీసుకోండి తీగ గారూ. ఇలాంటివారు గుంపుగా చేరి మీ ఖాతా మీదే తప్పుడు రిపోర్టులు కొట్టి మూయించాలని చూస్తారు, అందుకే మీ రాతలన్నిటినీ ఈరోజే డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. అకారణంగా ఖాతా ఆగిపోతే అప్పీలులో జతచేయడానికి మీరు భద్రపరిచిన ఆ బెదిరింపుల స్క్రీన్‌షాట్లే ముందుగా అక్కరకొస్తాయి.