ఆన్‌లైన్ పీజీ మెంటరింగ్: జర్నల్ రాస్తున్నారు, ఆలోచన కదలడం లేదు

ప్రశ్న: ఆన్‌లైన్ ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో ఆరుగురు టీచర్లకు మెంటర్‌ని. వారం వారం వాళ్లు రాసే జర్నల్‌లో పాఠం సారాంశమే ఉంటోంది. ఏం మార్చాలి?

జవాబు 1: ముందు మీరడిగే ప్రశ్న మార్చండి. 1978లో అమెరికా వయోజన విద్యావేత్త జాక్ మెజిరో ప్రతిపాదించిన పరివర్తనాత్మక అభ్యసనం (పాత నమ్మకాలను ప్రశ్నించుకుని, మార్చుకుంటూ నేర్చుకోవడం) మొదలయ్యేది పాత నమ్మకం బెడిసికొట్టిన చోట. "ఏం నేర్చుకున్నారు?" అంటే సారాంశమే వస్తుంది. "ఈ వారం మీ క్లాసులో అనుకున్నట్టు జరగనిదేది? అలా జరుగుతుందని ఎందుకు నమ్మారు?" అనండి. 200 పదాలు చాలు.

జవాబు 2: ఆ జర్నల్‌కి మార్కులు మాత్రం వేయకండి. వేస్తే మారినట్టు రాసేస్తారు. రాశారా లేదా అన్నదే చూడండి.

జవాబు 3: రాత ఒక్కటే చాలదండీ, సంవాదం కావాలి. జతలుగా 30 నిమిషాల కాల్ పెట్టించండి. మొదటి 10 నిమిషాలు వినేవారు సలహా ఇవ్వకుండా ప్రశ్నలే వేయాలి. నమ్మకం కదిలితే కొందరు మౌనమైపోతారు. కెమెరా ఆపేసి, అసైన్‌మెంట్ ఆలస్యం చేస్తుంటే బద్ధకమనుకోకండి, ఫోన్ చేసి మాట్లాడండి.