ఏడాదికి 11,400 పౌండ్ల పెన్షనా, ఒకేసారి 2,05,000 పౌండ్లా?

డెర్బీ_53
ముందు నా సంగతి చెప్తాను, తర్వాత తిట్టండి. నాకు 53. 2001లో ఇంగ్లండ్‌లోని డెర్బీలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో చేరి 2014లో బయటికొచ్చాను. అక్కడ ఫైనల్ శాలరీ పెన్షన్ ఉండేది. ఆఖరి జీతానికి, చేసిన సర్వీసుకి లెక్కగట్టి 65వ ఏట నుంచి బతికున్నంత కాలం ఇస్తారు. ఇవాళ్టి లెక్కలో ఏడాదికి 11,400 పౌండ్లు. నేను పోతే మా ఆవిడకి అందులో సగం. అది వద్దంటే ఇప్పుడే 2,05,000 పౌండ్లు నా ప్రైవేటు పెన్షన్ ఖాతాలోకి మారుస్తారట. ఆ ఉత్తరం మూడు వారాలుగా డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా కింద ఉంది. ఆ అంకెకి మూడు నెలలే గ్యారంటీ.

అరవై దాటాక విజయవాడ వెళ్లిపోదామని మా ఆలోచన. పిల్లలు ఇక్కడే ఉంటారు. డబ్బు మార్చేసుకుని ఇండెక్స్ ఫండ్లలో, అంటే షేర్ మార్కెట్ సూచీతో పాటు నడిచే ఫండ్లలో పెట్టుకుందామని నాకుంది. "నెలనెలా వచ్చేదాన్ని చేజేతులా ఎందుకు వదులుకోవడం" అని మా ఆవిడ. 2021లో ఇదే పెన్షన్‌కి 3,60,000 చూపించారు, అప్పుడు కదల్లేదని కడుపుమంట ఒకటి.

లెక్కల_పిచ్చి
2021ని మర్చిపోండి. రేపు మీకు ఇవ్వాల్సిన పెన్షన్ కోసం ఇవాళ ఎంత పక్కన పెట్టాలి అన్నదే మీకు చూపించిన ఆ అంకె, ట్రాన్స్‌ఫర్ వాల్యూ. అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ నామమాత్రం, కాబట్టి ఎక్కువ పక్కన పెట్టాల్సి వచ్చేది. 2022లో వడ్డీలు ఎగిశాయి, అంకె కూలింది. మీ పెన్షన్ మాత్రం ఒక్క పౌండు కూడా తగ్గలేదు.

అసలు లెక్క ఇది. 65 దాకా మీ 11,400 ఏడాదికి రెండున్నర శాతం చొప్పున పెరిగిందనుకుంటే 15,300 దాటుతుంది. ధరలతో పాటు పెరుగుతూ, మీ తర్వాత ఆవిడకి సగం ఇచ్చే యాన్యుటీ (ఒకేసారి డబ్బు కడితే బతికున్నంత కాలం ఇచ్చే బీమా కంపెనీ పెన్షన్) కొనాలంటే లక్షకి ఏడాదికి నాలుగున్నర వేలు వస్తుందనుకుందాం. అంటే 65 నాటికి మీ ఖాతాలో 3,40,000 ఉండాలి. 2,05,000 పన్నెండేళ్లలో అంత అవ్వాలంటే ఖర్చులన్నీ పోను ఏటా 4.3 శాతం రావాలి. ఫండ్ చార్జీలు, సలహాదారు ఫీజు కలిపితే ఐదు, ఐదున్నర.

రెండు_స్టెంట్లు
ఐదున్నర శాతం ఏమంత పెద్ద కొండ? షేర్లలో పన్నెండేళ్లకి అది రాకపోతే ఆశ్చర్యపోవాలి.

నేను 2019లో మార్చేశాను, ఇప్పటికీ ఒక్క రోజు బాధపడలేదు. అప్పటికే రెండు స్టెంట్లు, షుగర్. పెళ్లి ఎప్పుడో అయిపోయింది, విడాకులూ అయిపోయాయి. పిల్లల్లేరు. మా నాన్న 61కి పోయారు, బాబాయి 58కి. 65 నుంచి ఇస్తామంటే ఎవరికి ఇస్తారు? నా స్కీములో నాలాంటివాళ్లు మిగిల్చిన డబ్బుతోనే 95 దాకా బతికేవాళ్లకి పెన్షన్ నడుస్తుంది. నా వాటా నేను తీసుకున్నాను, అంతే. ఇప్పుడు మా చెల్లెలి పిల్లల పేరు నామినేట్ చేశాను.

లెక్కల_పిచ్చి
మీ విషయంలో అది సరే. కానీ ఆ పిల్లలకి మిగిల్చే ప్లాన్ మళ్లీ చూసుకోండి. 2027 ఏప్రిల్ నుంచి ఖాతాలో మిగిలిన పెన్షన్ డబ్బు కూడా వారసత్వ పన్ను లెక్కలోకి వస్తుంది. భార్యకో భర్తకో వెళ్తే పన్ను ఉండదు, మేనల్లుళ్లకి ఆ సౌకర్యం లేదు. ఆ పన్ను పడదన్నదే 2019లో మార్చుకోమని సలహాదారులు ఊదరగొట్టిన పెద్ద కారణాల్లో ఒకటి.

పోర్ట్_టాల్బట్_పక్కన
సలహాదారుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2017లో బ్రిటిష్ స్టీల్ పెన్షన్ స్కీమ్ మారుతున్నప్పుడు మా ఊరివాళ్లతో సహా స్టీలు కార్మికులు దాదాపు 8,000 మంది బయటికి మార్చేసుకున్నారు. ఆర్థిక సంస్థల మీద నిఘా ఉంచే ఎఫ్‌సీఏ తర్వాత చూస్తే ఆ సలహాల్లో సగానికి దగ్గరగా పనికిరానివే. 2023లో నష్టపరిహారం స్కీమే పెట్టాల్సి వచ్చింది.

మా వీధిలో ఒకాయన ఉన్నాడు, ముప్పయ్యేళ్లు ఫర్నేస్ దగ్గర పనిచేసిన మనిషి. పబ్బులో చికెన్, చిప్స్ పెట్టి మీటింగ్ పెడితే వెళ్లి సంతకం పెట్టాడు. "నీ డబ్బు నీ చేతిలో" అన్నారట. చేతిలోకి వచ్చింది నిజమే. కానీ ఏటా చార్జీలు పోతున్నాయని రెండేళ్ల తర్వాత నాకు స్టేట్‌మెంట్ చూపిస్తేగానీ ఆయనకి తెలియలేదు. అప్పట్లో మారిస్తేనే సలహాదారుకి ఫీజు. ఇక మార్చొద్దని ఎందుకు చెప్తాడు? ఆ పద్ధతిని 2020 అక్టోబర్‌లో చాలావరకు నిషేధించారు.

డాక్టరమ్మ_లెస్టర్
మధ్యలో వస్తున్నా, క్షమించండి. నాది ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పెన్షన్. నేనూ ఇలా మార్చుకోవచ్చా?

లెక్కల_పిచ్చి
లేదండీ. మీ స్కీముకి వెనక నిధి ఉండదు, ప్రభుత్వమే చెల్లిస్తుంది. అలాంటివాటి నుంచి ప్రైవేటు ఖాతాలోకి మార్చడం 2015 ఏప్రిల్‌తో ఆగిపోయింది. మీకు ఈ తలనొప్పి లేదు, హాయిగా పడుకోండి.

డెర్బీ_53
కంపెనీ దివాలా తీస్తే? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనిది ఆ ఒక్కదానికే. ఇంకోటి, మొత్తం ఇండియాకే పంపేస్తే?

పోర్ట్_టాల్బట్_పక్కన
దివాలా తీసి, స్కీములో డబ్బు చాలకపోతే పెన్షన్ ప్రొటెక్షన్ ఫండ్ ఉంది. అప్పటికి మీకు 65 రాకపోతే 90 శాతం ఇస్తుంది, ఏటా పెంపు మాత్రం మీ స్కీముకంటే తక్కువ ఉండొచ్చు. గాల్లో కలిసిపోదు.

ఇండియా సంగతి జాగ్రత్త. బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఒప్పుకున్న స్కీములోకి కాకుండా ఊళ్లో ఎఫ్‌డీకో, ఫ్లాటుకో పంపిస్తే 55 శాతం దాకా పన్ను పడుతుంది. ఒప్పుకున్న స్కీమైనా, మీరు అదే దేశంలో ఉండకపోతే చాలాసార్లు 25 శాతం చార్జీ. "మేం చూసుకుంటాం అంకుల్" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. పెన్షన్ల గురించి ఇలా ఊరికే ఫోన్లు చేయడం ఇక్కడ 2019 నుంచి నిషేధం.

గుంటూరు_కోడలు
అన్నయ్యగారూ, లెక్కలు నాకు రావు. మా ఇంట్లో జరుగుతున్నది చెప్తాను.

మా మామగారు బర్మింగ్‌హామ్‌లో పాతికేళ్లు ఫ్యాక్టరీలో చేసి గుంటూరు వచ్చేశారు. 2012లో పోయారు. అత్తయ్యకి ఇప్పుడు 84. ఆయన పెన్షన్‌లో సగం ఇప్పటికీ వస్తోంది, ఏటా కాస్త పెరుగుతోంది. ఆవిడ స్మార్ట్‌ఫోన్ ముట్టుకోదు. ఫండ్ అంటే చిట్‌ఫండా అని అడుగుతుంది.

ఏడాదికోసారి బతికే ఉన్నారా అని ఫారం వస్తుంది. దాని మీద ఎవరైనా పెద్ద ఉద్యోగి సంతకం పెట్టాలి. పోయిన ఏడు బ్యాంకు మేనేజర్ "విదేశీ కాగితం, మాకు రూల్ లేదు" అన్నాడు. అత్తయ్య కౌంటర్ ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, "బాబూ, బతికే ఉన్నాను కదా, అది రాయడానికి రూల్ ఎందుకు" అంది. రాశాడు. అదొక్కటే ఈ పెన్షన్‌తో మాకున్న ఇబ్బంది.

రెండు_స్టెంట్లు
అమ్మగారికి దండం. కానీ 84 దాకా బతికినవాళ్ల కథే మనకి వినిపిస్తుంది, 66కి పోయినవాళ్లు ఫోరంలో రాయరు కదా.

లెక్కల_పిచ్చి
66కి ఆయన పోయినా ఆవిడ ఉంటుంది కదండీ. డెర్బీ గారూ, ఇంకొకటి లెక్కలో వేసుకోండి. మీరు ఇండియాలో స్థిరపడితే బ్రిటన్ స్టేట్ పెన్షన్ అక్కడికి వస్తుంది కానీ ఏటా పెరగదు, ఉన్నచోటే ఆగిపోతుంది. అప్పుడు ధరలతో పాటు పెరిగేది ఈ కంపెనీ పెన్షన్ ఒక్కటే. ఏమైనా 30,000 పౌండ్లు దాటితే ఎఫ్‌సీఏ అనుమతి ఉన్న సలహాదారు దగ్గరికి వెళ్లక చట్టప్రకారం తప్పదు. ముందు సంక్షిప్త సలహా అడగండి, చవక. వాళ్లు "మార్చొద్దు" అనైనా చెప్తారు, "ఇంతలో తేల్చలేం" అనైనా చెప్తారు. "మార్చు" అని మాత్రం చెప్పకూడదు.

డెర్బీ_53
నిన్న రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే అడిగింది: "మీకు డెబ్బై ఎనిమిది వచ్చి, పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ ఫండ్లు ఎవరు చూస్తారు? నేనా?" ఇప్పుడు నా జీతం ఎంతో కూడా తనకి నేను సరిగ్గా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకా వద్దనుకోలేదు, కానీ మార్చే తొందర తగ్గింది. 60కే మొదలుపెడితే ఎంతిస్తారో అడుగుతూ స్కీముకి ఉత్తరం రాశాను. ఉప్పు డబ్బా కింద కాగితాన్ని మా ఆవిడే తీసి ఫైల్లో పెట్టింది.

రెండు_స్టెంట్లు
65కి ఐదేళ్లు ముందు తీసుకుంటే ఎంత కోస్తారో ఆ ఉత్తరం రానివ్వండి. అది చూశాక మళ్లీ మాట్లాడుకుందాం.