చాల్కోన్ స్ఫటికాలు సూదుల్లాగే వస్తున్నాయి, ఎక్స్‌రేకి పనికొచ్చేలా పెంచడం ఎలా?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లె. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఎసిటోఫినోన్, 4-మెథాక్సీబెంజాల్డిహైడ్ ఇథనాల్‌లో కలిపి, సోడియం హైడ్రాక్సైడ్ వేసి చాల్కోన్ (రెండు బెంజీన్ వలయాలను మూడు కార్బన్ల గొలుసు కలిపే పదార్థం) చేశాను. లేత పసుపు పొడి చక్కగా వచ్చింది. అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ పరీక్షలో, ద్విబంధం మీది రెండు హైడ్రోజన్ల మధ్య కప్లింగ్ 15.6 హెర్ట్జ్ వచ్చింది, అంటే ఆ రెండూ ఎదురెదురు వైపుల ఉన్న ట్రాన్స్ రూపమే.

చిక్కంతా స్ఫటికం దగ్గరే. సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌రేకి (ఒకే స్ఫటికం మీద ఎక్స్‌రే వేసి అణువు ఆకారం తేల్చే పరీక్ష) ఎటు చూసినా సుమారు 0.1–0.3 మిల్లీమీటర్లు ఉండే ముక్క అయితే మంచిది కదా, నాకేమో వెంట్రుకల్లాంటి సూదులు గుత్తులుగా వస్తున్నాయి. ఇథనాల్ బీకరుకి ఫాయిల్ కట్టి, చిల్లులు పొడిచి కదపకుండా వదిలేశాను. మూడుసార్లూ అంతే. ముసురు పట్టిన వారంలో అయితే అడుగున నూనెలా దిగింది. ఇది 75 డిగ్రీల దగ్గరే కరిగే పదార్థం, పైగా మా కోనసీమ గాలిలో తేమ మీకు తెలిసిందే. ఇథనాల్ నీటిని పీల్చుకోవడం వల్లే ఇలా అవుతోందంటారా?

ఇథైల్ ఎసిటేట్‌లో కరిగించి, మూసిన సీసాలో హెక్సేన్ ఆవిరి మెల్లగా చేరేలా పెడదామనుకుంటున్నాను. సీసాని ఫ్రిజ్‌లో పెట్టాలా, బయటే ఉంచాలా? ఉన్న సూదుల్లోంచే ఒకటి కోసి పంపితే డేటా వస్తుందా?

రెండు వలయాలు ఒకదానికొకటి ఎంత కోణంలో తిరిగి ఉన్నాయో చూడాలని చాలా ఆశగా ఉంది. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.