కార్తేజ్ ఆడేవారి కోసం రోమ్‌ను బలహీనం చేయాలా?

ఏనుగుల దళం:
రెండో ప్యూనిక్ యుద్ధం (ప్రాచీన రోమ్, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ రాజ్యాల మధ్య పోరు) మీద వంతులవారీ వ్యూహ ఆట ఆడుతున్నాను, కార్తేజ్ పక్షాన. దక్షిణ ఇటలీలోని కన్నే దగ్గర రోమన్ సైన్యాన్ని తుడిచిపెట్టాను. నాలుగు వంతులు తిరిగేసరికి అంత సైన్యమూ మళ్లీ ఎదురుగా నిలబడింది! నేను ఒక్క ఆశ్విక దళాన్ని పోగొట్టుకుంటే ఆఫ్రికా నుంచి ఓడలు రావాలి. రోమ్ సైనిక నియామకానికి పరిమితి పెట్టాల్సిందే.

పటం ముందు:
మీ బాధ అర్థమైంది, కానీ ఆ పరిమితి ఆట ప్రాణమే తీస్తుంది. క్రీ.పూ. 216లో జరిగింది సరిగ్గా ఇదే. కన్నేలో ఒక్క రోజులో చనిపోయిన రోమన్ సైనికులు రోమన్ చరిత్రకారుడు లివీ లెక్కలో సుమారు 48,000, గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ లెక్కలో 70,000. అయినా రోమ్ సంధికి ఒప్పుకోలేదు. ప్రభుత్వమే 8,000 మంది బానిసలను కొని ఆయుధాలిచ్చింది. క్రీ.పూ. 225 నాటికి రోమ్, ఇటలీలోని దాని మిత్రుల దగ్గర ఏడు లక్షలకు పైగా కాల్బలం, 70,000 ఆశ్విక బలం ఉన్నాయని పాలిబియస్ రాశాడు. ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీలోకి దిగిన కార్తేజ్ సేనాని హానిబాల్ వెంట మిగిలింది 20,000 కాల్బలం, 6,000 గుర్రాలు. ఈ తేడా తీసేస్తే అది హానిబాల్ యుద్ధమే కాదు.

ఆ ఏడు లక్షల్లో సగానికి పైగా మిత్రులవాళ్లే. మీ గురి అక్కడ ఉండాలి. యుద్ధం గెలిచిన వెంటనే దక్షిణ ఇటలీ నగరాలకు దూతలను పంపారా?

ఏనుగుల దళం:
పంపాను. కాపువా నా వైపు తిరిగింది. ఇక అప్పటినుంచి దానికి కాపలా కాయడమే నా పని! నేను అక్కడ ఉంటే మరో నగరం పోతుంది, అటు వెళితే కాపువా ముట్టడిలో పడుతుంది. మిత్రులను గెలుచుకున్నకొద్దీ నా చేతులు కట్టేసినట్టు అవుతోంది.

నిదానం:
హానిబాల్‌కూ అదే గతి పట్టింది. కాపువా ముట్టడి సడలించాలని రోమ్ గోడల దాకా వెళ్లినా రోమన్లు ముట్టడి వదల్లేదు, క్రీ.పూ. 211లో కాపువా వాళ్ల చేతికి చిక్కింది. కాబట్టి ఆ ఇబ్బందిని ఆటలో ఉంచాలి. నాకు తప్పుగా తోచేది వేరొకటి. నిన్న చేరిన లెజియన్‌కూ (రోమన్ సైనిక దళం) పదేళ్లు పోరాడిన లెజియన్‌కూ ఆటలో ఒకే బలం ఉంది. పైగా రోమ్‌కు అలసటే లేదు. క్రీ.పూ. 209లో 30 లాటిన్ కాలనీల్లో (రోమ్‌కు సైనికులను ఇచ్చే మిత్ర పట్టణాలు) 12, ఇక మనుషులనూ డబ్బునూ ఇవ్వలేమని తెగేసి చెప్పాయి. యుద్ధం సాగేకొద్దీ మిత్రుల నుంచి వచ్చే దళాలు తగ్గాలి. పరిమితి అక్కర్లేదు, ఈ అలసట చాలు.

ఏనుగుల దళం:
ఆ 12 కాలనీల సంగతి నాకు తెలియదు. అలసట ఉంటే పరిమితి కోరిక వదులుకుంటాను. కానీ రోమ్ నగరాన్ని పట్టుకుంటేనే గెలుపు అనే నియమాన్ని మాత్రం ఒప్పుకోను.

పటం ముందు:
అందులో మీతో ఏకీభవిస్తాను. క్రీ.పూ. 215లో గ్రీసుకు ఉత్తరాన ఉన్న మాసిడోన్ రాజు ఐదవ ఫిలిప్‌తో హానిబాల్ చేసుకున్న ఒప్పందంలో, యుద్ధం తరువాత కూడా రోమ్ ఉంటుందనే అనుకుని రాసిన షరతులున్నాయి. హానిబాల్ కోరింది రోమ్ తలవంచడం, అంతే. ఆటలో కార్తేజ్‌కు గెలుపు అంటే రోమ్ తలవంచి చేసుకునే సంధే కావాలి.