పార్కులో గోల్ఫ్ కోర్సు ఉండాలా, తీసెయ్యాలా?

కవర్స్_ఫీల్డర్: ఆదివారం న్యూయార్క్ బ్రాంక్స్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కుకి క్రికెట్ మ్యాచ్‌కి వెళ్ళాం. మా ముందు మ్యాచ్ తెమలక రెండు గంటలు చెట్టు కింద పులిహోర డబ్బా ముందేసుకుని కూర్చున్నాం. ఊరికే అటు నడిచి చూస్తే గోల్ఫ్ కోర్సు, అంత పచ్చికలో నలుగురంటే నలుగురే మనుషులు, ఒక బండి. 1,100 ఎకరాల పైచిలుకు పార్కులో ఒకటి కాదు, రెండు కోర్సులు! జనం పార్కులో డబ్బున్నోళ్ళ ఆటకి ఇంత జాగా ఏంటండీ? తీసేసి గ్రౌండ్లు వెయ్యచ్చుగా.

బాబాయ్_242: తమ్ముడూ, తిట్టు, కాదన్ను, కానీ కథ విని తిట్టు. ఆ రెండిట్లో వాన్ కోర్ట్‌లాండ్ కోర్సు అమెరికాలోనే మొట్టమొదటి పబ్లిక్ కోర్సు, 1895 జులైలో తెరిచారు. అప్పుడు గోల్ఫంటే క్లబ్బు, క్లబ్బంటే మెంబర్‌షిప్పు. దగ్గర్లో ఉండే కొందరు మాకో కోర్సు కావాలని పార్కుల శాఖని అడిగితే, సిటీ కట్టింది గానీ వాళ్ళకొక్కళ్ళకే ఇవ్వకుండా అందరికీ తెరిచింది. తొమ్మిది హోల్స్, అంటే బంతిని గుంటదాకా కొట్టుకెళ్ళే తొమ్మిది దారులు. మొదటి ఎనిమిదీ 200 గజాల్లోపే, తొమ్మిదోది మాత్రం 700 గజాలు, దారిలో రెండు రాతి గోడలు, రెండు వాగులు (ఎవరు గీశారో, మహానుభావుడు). 1899లో కోర్సులు గీసే టామ్ బెండెలో వచ్చి 18 చేశాడు. కారు లేకపోయినా ఒకటో నంబరు రైలెక్కి చివరి స్టేషన్లో దిగితే చాలు.

అట్లాంటా_అక్క: ఆ "అందరికీ" దగ్గర కాస్త ఆగండి బాబాయ్ గారూ. మా ఊళ్ళో బాబీ జోన్స్ గోల్ఫ్ కోర్సు కూడా అప్పట్లో సిటీదే. 1951లో నల్లజాతి డాక్టర్ హామిల్టన్ హోమ్స్ కొడుకులతో ఆడటానికి వెళ్తే వెనక్కి పంపేశారు. కోర్టుకెక్కితే, సోమ, మంగళవారాలు మాత్రమే ఆడుకోండి అన్నారు! చివరికి 1955 నవంబరు 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బోర్డు మీద పబ్లిక్ అని రాసినంత మాత్రాన సరిపోదు.

బాబాయ్_242: నేననేదీ అదేనమ్మా. అది సిటీ నేల కాబట్టే ఆ కేసు నిలబడింది. ప్రైవేటు క్లబ్బు గేటు దగ్గర ఆపేస్తే ఆ రోజుల్లో ఏ కోర్టు వినేది?

కవర్స్_ఫీల్డర్: పాత సంగతి ఒప్పుకుంటా. ఇప్పటి సంగతేంటి? ఆడేవాళ్ళు మారారు, జాగా మారదా?

లాంగ్‌ఐలాండ్_రెడ్డి: బ్రో, 2023లో, మరుసటేడు టీ20 ప్రపంచకప్‌కి 34 వేల సీట్ల తాత్కాలిక స్టేడియం మీ పార్కులోనే అన్నప్పుడు వద్దని గొడవ చేసినవాళ్ళలో అక్కడ ఆడే క్రికెట్ లీగ్ వాళ్ళే ఉన్నారు, మా పిచ్‌లు పోతాయని. వీళ్ళకి గోల్ఫోళ్ళతో గొడవే లేదు. చివరికి అది మా ఐసెన్‌హోవర్ పార్కుకొచ్చింది. ఇక్కడ గోల్ఫ్ కోర్సులు మూడు! పాకిస్తాన్ మీద 119 కొట్టి 6 పరుగులతో గట్టెక్కామే, ఆ స్టేడియమే. తర్వాత విప్పేశారు, గోల్ఫ్ కోర్సులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అట్లాంటా_అక్క: మీ పార్కులో రెండోది మోషులు కోర్సు, అక్కడ నేల కింద సిటీకి నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు, పైన బంతులు కొట్టే ప్రాక్టీసు రేంజి. ఒకే జాగాని రెండు రకాలుగా వాడటం వాళ్ళకి తెలుసు. రెండు కోర్సుల్లో ఒకటి ఉంచి, ఒకటి అడగండి.

కవర్స్_ఫీల్డర్: అలాగైతే నాకు ఓకే అక్కా.

బాబాయ్_242: నాకు కాదు. ముందు ఓసారి నాతో వచ్చి తొమ్మిది హోల్స్ నడువు.

కవర్స్_ఫీల్డర్: బాబాయ్, క్రికెట్ షూస్‌తో రానిస్తారా?